నల్ల ల్యాప్‌టాప్ గాల్లోకి లేచిన మ్యాచ్

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారింటి వరండాలో అందరూ చేరారు. అల్లుడిది ల్యాప్‌టాప్‌ల షాపులో సేల్స్ ఉద్యోగం. బజారులో ఆయన్ని టర్బో అంటారు. మరదలు ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వీడియోలు ఎడిట్ చేస్తుంది. రేపటి నుంచి ఒక జట్టుతో ఊరూరా తిరగాలి, మైదానంలోనే కూర్చుని గోల్స్ కత్తిరించి పంపాలి. పాత ల్యాప్‌టాప్ మోసి మోసి ఆమె కుడి భుజం పట్టేసింది. ఇంకో సీజన్ ఇలాగే మోస్తే చెయ్యి పైకెత్తలేవని డాక్టర్ తేల్చి చెప్పేశాడు. అందుకని కొత్తది తేలిగ్గా ఉండాలి, జోరుగానూ పనిచెయ్యాలి. అలాంటివి రెండు చూసుకుంది. ఒకటి బావ షాపులో ఉన్న నల్లది, రెండోది రోడ్డుకి అవతల ఎదురుషాపులో ఉన్న వెండిరంగుది. సాయంత్రం షాపులు మూసేలోపు ఏదో ఒకటి తెచ్చుకోవాలి. ఏది కొననూ బావా అని అడిగింది. అంతే, టర్బో కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఏది కొననూ అని అడుగుతున్నావా మరదలా, అదీ నన్ను? ఇలా కూర్చో. మావయ్యా, మీరూ ఆ పేపర్ పక్కన పెట్టండి, ఇది అందరూ వినాల్సిన సంగతి. మా షాపులో సరుకు కాబట్టి నల్లదాన్ని పొగుడుతున్నాననుకునేరు, అలాంటి తెలివే ఉంటే ఈపాటికి ఆ షాపు నాదై ఉండేది. నేను కళ్ళారా చూసిందే చెప్తా, ఒక్క ముక్క కలపను. మొన్నామధ్య ఆ నల్లదాన్ని ఒక కస్టమర్‌కి చూపించాలని బ్యాగులో పెట్టుకుని బండిమీద బయల్దేరానా, సగం దూరం వెళ్ళాక చూసుకుంటే భుజానికి బ్యాగున్నట్టే లేదు. షాపులోనే మర్చిపోయానేమో అని బండి తిప్పుకుని వెనక్కొచ్చి, అలమరాలన్నీ వెతికి, మా ఓనరు చేత చీవాట్లు తిని, చివరికి బ్యాగు జిప్పు తీసి చూస్తే అందులోనే ఉంది మహానుభావురాలు. అంత తేలిక. ఇంతవరకూ నమ్ముతున్నారా?"

"ఇంతవరకూ పర్వాలేదు," అన్నారు మామగారు. పేపర్ మాత్రం మడవలేదు.

"కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కస్టమరే మా షాపుకొచ్చాడు, ఉత్త మొండిమనిషి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ కొననని భీష్మించుకు కూర్చుని, ఎదురుషాపు వెండిదాన్ని కూడా రప్పించాడు. దాంతోపాటు ఆ షాపు సేల్స్‌వాడూ వచ్చాడు, మెళ్ళో టై, మొహాన నవ్వు. రానీ, మనకేం భయం? ముందు బరువు తేలుద్దామన్నాను. పక్కనే కూరగాయలమ్మే ఆవిణ్ణి బతిమాలి తక్కెడ తెచ్చా. ఒక పళ్ళెంలో వెండిది పెడితే బుద్ధిగా కిందకి దిగింది. ఖాళీ పళ్ళెం పైనుంది కదా, దాంట్లో నల్లది పెట్టా. కాస్తయినా దిగాలా వద్దా? దిగకపోగా ఇంకో జానెడు పైకి లేచింది. కూరగాయలావిడ లబోదిబోమంటూ వచ్చి నా తక్కెడ పాడుచేశావని మీద పడింది. నీ తక్కెడ బంగారంలా ఉందమ్మా, మా సరుకే అలాంటిదని సర్దిచెప్పి, ఆవిణ్ణి శాంతింపజెయ్యడానికి రెండు సంచుల టమాటాలు కొన్నా."

"ఆ టమాటాలు ఇంటికి రాలేదేం?" అని అడిగింది టర్బో భార్య.

"దారిలో పంచేశానోయ్. పొద్దున్నుంచీ నల్లదాన్ని పట్టుకుని తిరిగిన చేతులు, ఆ తేలికకి అలవాటుపడి టమాటాల బరువు ఆపలేకపోయాయి. సరే, అది వదిలెయ్. ఇక వేడి సంగతి చూద్దామన్నాడు ఆ మొండిమనిషి. వెండిది కాసేపు పని చేయిస్తే గోరువెచ్చగా అవుతుంది, అది అందరూ ఒప్పుకునేదే. కానీ ఆరోజు నేను దాంతో ఎంత పని చేయించానంటే, మా పక్క షాపు దర్జీ వచ్చి దాన్ని అడిగి పట్టుకెళ్ళి రెండు చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు. మరి నల్లదో? అంతకి రెట్టింపు పని చేయించా, పైన నీళ్ళ గ్లాసు పెట్టి కస్టమర్‌తో మాటల్లో పడ్డా. దాహమేసి గ్లాసెత్తితే నీళ్ళు రావే. గడ్డకట్టుకుపోయాయి అత్తయ్యా. చెంచాతో పొడుచుకుని తినాల్సొచ్చింది."

చిక్కుళ్ళు తుంచుతున్న అత్తగారు తలెత్తకుండానే, అయితే మా ఫ్రిజ్ అమ్మేస్తాం బాబూ అన్నారు. తొందరపడకండి అత్తయ్యా, పాలు మాత్రం దాంట్లో పట్టవు అని టర్బో ఆవిడకి నచ్చజెప్పాడు.

మరదలు కుడి భుజాన్ని ఎడమచేత్తో ఒత్తుకుంటూ వింటోంది. వేడి సంగతి సరే, తనకి కావాల్సింది స్పీడని గుర్తుచేసింది. మొదటి సగం ఆట ముగిసి మళ్ళీ మొదలయ్యేలోపు గోల్స్ వీడియో వెళ్ళిపోవాలి, లేకపోతే రెండో మ్యాచ్‌కి తనని పిలవరు.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ధరలు రెండింటికీ ఇంచుమించు ఒకటే, ఆ మాట ముందే చెప్తున్నా. అదే డబ్బుకి నల్లదాంట్లో ర్యామ్ రెట్టింపు, గ్రాఫిక్స్ కార్డు పెద్దది, ప్రాసెసర్‌లో కోర్లెక్కువ. కోర్లంటే ఏమీ లేదు మావయ్యా, లోపల పనివాళ్ళనుకోండి. వెండిదాంట్లో ఉన్నవాళ్ళు మంచివాళ్ళే, చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు. నల్లదాంట్లో వాళ్ళకి చెప్పనక్కర్లేదు. అదేంటో చూడండి. ఒకే మ్యాచ్ వీడియో రెండింట్లోనూ ఎక్కించాం. ఎదురుషాపువాడు బటన్ నొక్కాడు, నేనూ నొక్కబోయా. నా వేలింకా గాల్లోనే ఉంది, పని పూర్తయిందండీ అని నల్లది తెరమీద చూపించేసింది. ఎత్తిన వేలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ముక్కు గోక్కున్నా. ఇక బ్యాటరీ అంటావా, ఒక్కసారి నింపావా, వచ్చే సీజన్ దాకా దాని జోలికే పోనక్కర్లేదు. మా షాపులో అందరికీ చెప్పే వచ్చా మరదలా, సాయంత్రం మా మరదలొచ్చి నల్లది పట్టుకెళ్తుందని. కౌంటర్ మీద తీసి పెట్టించా కూడా."

"నన్నడక్కుండానే?" అంది మరదలు.

"అడిగితే అవునంటావని తెలుసుగా. సరే విను, అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. ఆ మొండిమనిషి ఎవరనుకున్నావు? ఒక ఫుట్‌బాల్ జట్టు మేనేజరు. ఇవన్నీ షాపులో గారడీలు, మైదానంలో తేల్చుకోండి అన్నాడు. ఆదివారం పొద్దున్నే పెద్ద మ్యాచ్. నన్ను పై వరసలో ఒక కుర్చీలో కూర్చోబెట్టారు, ఒళ్ళో నల్లది. పక్క కుర్చీలో ఎదురుషాపువాడు, ఒళ్ళో వెండిది. ఎదురుగా ఇంటింత పెద్ద తెర, ఎవరు ముందు పంపితే వాళ్ళ వీడియో అందులో పడుతుంది."

"ఆదివారాలు మీరు మధ్యాహ్నం భోజనాల దాకా లేవరు కదండీ," అంది భార్య.

"ఆరోజు లేచానోయ్, నువ్వే చూడలేదు. ఇంతలో మనవాడొకడు బంతి తీసుకుని గోల్ వైపు పరిగెడుతున్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు. నేను కెమెరా వీడియో నల్లదాంట్లోకి ఎక్కించానో లేదో, గోల్ పడ్డట్టు వీడియో తయారైపోయి పెద్ద తెరమీద ఆడేస్తోంది. బంతి ఇంకా వాడి కాలి దగ్గరే ఉంది. చెప్పానుగా, లోపలివాళ్ళకి చెప్పనక్కర్లేదని. గోల్‌కీపర్ ఊరుకుంటాడా? తెర చూశాడు, కుడివైపు మూలకి వస్తుందని తెలిసిపోయింది, అటు దూకి బంతిని అదిమి పట్టేసుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద చిక్కొచ్చిపడింది. మైదానంలో గోల్ లేదు, వీడియోలో ఉంది. రెండు జట్లూ కొట్టుకోబోయాయి. రిఫరీ మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చి, ల్యాప్‌టాప్‌ని వెనకా ముందూ తిప్పి చూసి, ఇంత స్పష్టమైన వీడియో అబద్ధం చెప్పదు అని గోల్ ఇచ్చేశాడు. గోల్‌కీపర్ కూడా ఏడుస్తూ ఒప్పుకున్నాడు, పొరపాటున ఆపానండీ క్షమించండి అని."

మామగారు పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ రిఫరీకి ఇప్పటికీ ఉద్యోగం ఉందా అని మాత్రం అడిగారు.

"ప్రమోషన్ వచ్చింది మావయ్యా. ఇక చూడండి, జనం వెర్రెత్తిపోయారు. ఇంకో గోల్, ఇంకో గోల్ అని అరుపులు. ఇంక దాపరికం ఎందుకని నల్లదాన్ని ఫుల్ స్పీడ్‌లో పెట్టేశా. అక్కడే తప్పు చేశా. అడుగున ఫ్యాన్లు అందుకున్నాయి. చప్పుడు లేదు, గాలే. ముందు వరసలో వాళ్ళ టోపీలెగిరిపోయాయి, ఒకాయన విగ్గు వెళ్ళి గోల్ వలలో పడింది, దానికీ జనం చప్పట్లు కొట్టారు. ఉన్నట్టుండి నల్లది నా ఒళ్ళోంచి పైకి లేచింది. ఎక్కడికి పోతావు అని రెండు చేతులా పట్టుకున్నా. దాంతోపాటు నేనూ లేచా. నా ఒళ్ళు మీకు తెలియంది కాదు, ఈ ఇంట్లో మంచం విరగ్గొట్టినవాణ్ణి నేను. నన్ను దూదిపింజలా లేపుకుపోయింది. కుర్చీలు దాటా, పైకప్పు దాటా, మైదానం లైట్లు కూడా దాటేశా. కింద చూస్తే ఆట ఆగిపోయింది, ఇరవై ఇద్దరు ఆటగాళ్ళూ తలలెత్తి నన్నే చూస్తున్నారు. అంత ఎండలోనూ తెర ఎంత స్పష్టంగా ఉందంటే, ఆ దారిన పోతున్న గద్ద ఒకటి నా భుజం మీద వాలి గోల్ రెండుసార్లు చూసి, బాగుందన్నట్టు తలూపి వెళ్ళింది. ఎదురుషాపువాడు పాపం నేలమీదే ఉన్నాడు, ఒళ్ళో వెండిది పెట్టుకుని. వాణ్ణి చూసి జాలేసింది."

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఎలా దిగావు బాబూ?" అన్నారు. ఆవిడ గొంతులో నిజంగానే కంగారుంది.

"అదీ, ఒక్క మీరే అత్తయ్యా అడగాల్సింది అడిగారు. ఎలా దిగను? మూత మూశానా, ధబ్బున కిందపడి చస్తా. మూయలేదా, మబ్బుల్లో కలిసిపోతా. మా ఓనరుకి ఫోన్ చేద్దామంటే చేతులు ఖాళీ లేవు. మీ అమ్మాయి మొహం కళ్ళముందు కదిలింది. అయిపోయింది నా పని అనుకున్నా. సరిగ్గా అప్పుడు ఏం జరిగిందో తెలుసా? ఒక్క కుదుపుతో ఆగిపోయా. పైకీ పోదు, పక్కకీ పోదు. ఏంటా అని కిందకి చూస్తే, వైరు. ఛార్జర్ వైరు, తగిలించే ఉంది. అంత పొడుగునా సాగి, బిర్రుగా బిగుసుకుని, ఆ చివర ఛార్జర్ నా కుర్చీ కింద పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన అంత గాలి లాగుతోందా, ఇంత మనిషిని నేను వేలాడుతున్నానా, అయినా అది వెంట్రుకవాసి కదలలేదు. పడవకి లంగరేసినట్టు మా ఇద్దర్నీ పట్టి ఆపేసింది. ఇంకేం, ఆ వైరు పట్టుకుని మెల్లగా జారుకుంటూ వచ్చి నా కుర్చీలో నేను కూర్చున్నా. చుట్టూ చప్పట్లే చప్పట్లు. ఆ ఛార్జరే కాస్త తేలిగ్గా ఉండి ఉంటే ఈ అల్లుడు మీకు మళ్ళీ కనిపించేవాడు కాదు. ఏం వస్తువు మరదలా. కళ్ళకద్దుకుని కొనుక్కోవాలి."

టర్బో కుర్చీలో వెనక్కి వాలి, భార్యని మంచినీళ్ళడిగాడు. మామగారు దగ్గారు. అత్తగారు ఊపిరి పీల్చుకుని మళ్ళీ చిక్కుడుకాయ అందుకున్నారు. మరదలు భుజం ఒత్తుకోవడం ఆపింది.

"బావా, ఛార్జర్ ఎందుకు తగిలించి ఉంచావు? బ్యాటరీ సీజనంతా వస్తుందన్నావు కదా."

"మామూలు పనికైతే వస్తుందిలే. వీడియో పనికి ఫుల్ స్పీడ్ కావాలంటే ఛార్జర్ ఉండాల్సిందే, లేకపోతే సగం జోరు కూడా రాదు," అన్నాడు టర్బో అదే ఊపులో. అనేశాక గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు.

"అంటే మైదానానికి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్ళాలి మరి."

"నిన్నూ, ఆ ల్యాప్‌టాప్‌నీ ఆకాశంలో పట్టి ఆపిన ఛార్జర్‌ని. నేను. ఈ భుజం మీద."

టర్బో తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు. ఛార్జర్ అంత బరువుండదు, కాస్త ఎక్కువ చేసి చెప్పానని ఒప్పుకుంటే తక్కెడా, గోలూ, గద్దా అన్నీ దాంతోపాటే పోతాయి. ఒప్పుకోకపోతే నల్లది అమ్ముడుపోదు. మామగారు అల్లుడి అవస్థ చూసి, నవ్వు కనపడకుండా పేపర్ మళ్ళీ మొహానికడ్డం పెట్టుకున్నారు.

"వెండిదాని ఛార్జర్ ఎంతుంటుంది బావా? కథ వద్దు. నాకు నిజంగా నొప్పిగా ఉంది."

టర్బో ఆమె భుజం వైపు చూశాడు. తన పెళ్ళైన కొత్తలో ఈ పిల్లే బావ సామానంతా ఆ భుజం మీద వేసుకుని మేడపైకి చేర్చింది. గొంతు సవరించుకున్నాడు.

"జేబులో పడుతుంది," అన్నాడు.

"ఛార్జర్ తీసేస్తే దాని స్పీడ్ పడిపోతుందా?"

"పెద్దగా పడదు."

"హాఫ్‌టైమ్‌లో నా పని అయిపోతుందా?"

"అయిపోతుంది. ఇంకా టీ తాగేంత టైముంటుంది." అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ వినలేదు.

మరదలు లేచి లోపలికి వెళ్ళి హ్యాండ్‌బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుని వచ్చింది. చెప్పులేసుకుంటూ బావని కూడా లేవమంది. వెండిది అమ్మేవాళ్ళు ధర తగ్గించరట, బేరమాడటానికి ఆయన నోరు కావాలట.

"నేనా? ఎదురుషాపుకా?" టర్బో గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నిన్ననే నల్లదాన్ని కౌంటర్ మీద పెట్టించి వచ్చినవాణ్ణి. వాడు నా మొహం చూశాడంటే రేపు బజారంతా నవ్వుతుంది మరదలా."

"హెల్మెట్ తియ్యకు," అంది మరదలు.