రేపటి ఇంటర్వ్యూ

సాయంత్రం. ముందు గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదానిలో కూతురు, రెండోదానిలో మొన్నమొన్నటి దాకా బడి బస్సు నడిపిన తండ్రి. లోపలి గదిలో మంచం మీద తల్లి. మధ్య తలుపు తీసే ఉంది.

“అలా కాదు నాన్నా. ‘ఏంటమ్మా సంగతులు’ అని ఏ ఆఫీసులోనూ అడగరు.”

“మరేమని అడుగుతారు?”

“‘మీ గురించి చెప్పండి’ అంటారు. ఇప్పుడు నువ్వు నీళ్ళ పరీక్షల ల్యాబు మేనేజరువి. నేనెవరో నీకు తెలీదు.”

“నువ్వెవరో నాకు తెలీకపోవడమేంటే!”

“కాసేపు తెలీదనుకో. నన్ను ‘మీరు’ అను.”

“మీరు... అబ్బే, నోరు తిరగట్లేదు తల్లీ. మీ అమ్మని అడగమను.”

“అమ్మకి నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. నువ్వే అడగాలి. వెనక్కి ఆనుకుని కూర్చో. దిండు పెట్టనా నడుముకి?”

“దిండు పెట్టుకుని కూర్చునే మేనేజరుంటాడా?”

“నడుం నొప్పి మేనేజర్లు బోలెడుమంది. కానీ, కానీ.”

“సరే. మీ గురించి చెప్పండి.”

“నమస్కారం సార్. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. పాల డెయిరీ ల్యాబులో పనిచేశాను. రోజూ వచ్చే పాలల్లో ఏ కల్తీ ఉందో, ఎంత వెన్న ఉందో...”

“మంచమ్మాయి!”

“నాన్నా!”

“ఏమైంది? బాగా చెప్పావుగా.”

“మధ్యలో మెచ్చుకోకూడదు. వాళ్ళు మొహం గోడలా పెట్టుకుని వింటారు. నువ్వూ అలాగే పెట్టు.”

“ఇలాగా?”

“అది పన్ను నొప్పి మొహం.”

“అదిగో, మీ అమ్మ నవ్వుతోంది లోపల.”

“అమ్మా, నువ్వు నవ్వకు. ఈయన అసలే దారికి రావట్లేదు.”

“నవ్వలేదే... దగ్గొచ్చింది. ఏమండీ.”

“ఆఁ.”

“చెప్పండి దానికి.”

“అడుగుతున్నాగా! ఒకటొకటే అడుగుతున్నాగా! నువ్వు పడుకో.”

“ఏం చెప్పాలి నాన్నా?”

“ఏం లేదు. రెండో ప్రశ్న. మీకు... మీకు కోపం ఎక్కువా?”

“ఇదెక్కడి ప్రశ్న?”

“ల్యాబంటే గాజు సామానుంటుంది కదా. కోపం వస్తే విసిరేస్తారేమోనని.”

“కాలేజీలో నా సీనియర్ అక్క చెప్పిన వరసలో అడుగు నాన్నా. డెయిరీ ఎందుకు మానేశారని అడుగు.”

“అది వద్దులే.”

“అదే కావాలి. మిగతావన్నీ నిద్రలో లేపినా చెప్తాను. అక్కడే నా బండి ఆగిపోతోంది.”

“వద్దన్నానా... సరే. ఎందుకు మానేశారు?”

“ఇంట్లో కొన్ని బాధ్యతల వల్ల కొంతకాలం ఆగాల్సి వచ్చింది సార్. ఇప్పుడవన్నీ సర్దుకున్నాయి. ఆ ఖాళీలో ఇంటి దగ్గరే ఉండి నీటి పరీక్షల కోర్సు పూర్తి చేశాను.”

“అంతేనా?”

“అంతే.”

“అమ్మకి పక్షవాతం వచ్చిన సంగతి చెప్పవా?”

“చెప్పను.”

“ఒంటిచేత్తో తనని లేపి, కూర్చోబెట్టి, మళ్ళీ నడక నేర్పించావు. పసిపిల్లని సాకినట్టు సాకావు. అది చెప్పవా?”

“చెప్పకూడదు నాన్నా.”

“ఏం, దొంగతనం చేశావా? తల్లిని చూసుకోవడం తప్పా?”

“తప్పని ఎవరూ అనరు. ‘అయ్యో పాపం’ అనే అంటారు. కానీ మనం చెప్పేది ఒకటి, వాళ్ళకి వినపడేది ఇంకొకటి. ‘ఆ తల్లికి రేపు మళ్ళీ ఏదైనా అయితే ఈ పిల్ల మళ్ళీ మానేస్తుంది’... ఇదీ వాళ్ళకి వినపడేది.”

“అలా వినపడుతుందా?”

“అలాగే.”

“మంచిగా చెప్పినా?”

“ఎంత మంచిగా చెప్తే అంత గట్టిగా వినపడుతుంది. మొదట వెళ్ళిన రెండు చోట్లా ఉన్నదున్నట్టు చెప్పానుగా. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. ఏమైంది? ‘మీలాంటివాళ్ళు అరుదమ్మా’ అని గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.”

“...మంచినీళ్ళు కావాలి.”

“చెంబు నీ పక్కనే ఉంది.”

“ఆఁ, ఆఁ. ఉంది.”

“ఏంటి నాన్నా, చెమటలు పోస్తున్నాయి? నడుం లాగుతోందా?”

“నడుమా? నడుం బ్రహ్మాండంగా ఉంది. ఇవాళ అసలు నొప్పే లేదు.”

“పొద్దున మంచం దిగేటప్పుడు గోడ పట్టుకున్నావు. చూశాను.”

“గోడ నాది. పట్టుకుంటాను.”

“ఏమండీ, నాన్చకండి.”

“ఈవిడొకతి! మేనేజరు గదిలోకి మాటిమాటికీ తొంగిచూస్తుంది.”

“అమ్మా, ఏదైనా కావాలా? బాత్రూముకా?”

“నాకేం వద్దమ్మా. నువ్వు కానివ్వు.”

“ఇంకొక్క ప్రశ్న నాన్నా. ‘మీ బలహీనత ఏమిటి’ అని అడుగు.”

“నీకేం బలహీనత? ఏమీ లేదు.”

“లేదనకూడదు. ఒకటి చెప్పాలి. కానీ అది పనికొచ్చేదిగా ఉండాలి.”

“పనికొచ్చే బలహీనతా! మా బస్సుకి బ్రేకులు సరిగ్గా పడవండీ, అందుకని త్వరగా చేరుతుందండీ అన్నట్టా?”

“దాదాపు అంతే. ‘ఒక పరీక్ష ఫలితం మీద నమ్మకం కుదరకపోతే మళ్ళీ చేస్తాను సార్, అందువల్ల కాస్త ఆలస్యమవుతుంది’ అంటాను.”

“ఎంత తెలివో! ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావే?”

“సీనియర్ అక్క దగ్గర. పేపర్లో కనపడ్డ ప్రతి ప్రకటనకీ దరఖాస్తు పెట్టడం మానెయ్యమంది. నీకొచ్చిన పని ఎవరికి కావాలో వాళ్ళనే వెతుక్కోమంది. అందుకే ఈ ల్యాబు. ముందే ఒకసారి వెళ్ళి ఆ వీధి చూసొచ్చాను. బస్సు దిగాక ఎంతసేపు నడవాలో, మెట్లెక్కితే ఏ గదికి చేరతామో అన్నీ తెలుసు. పని చేయించే పెద్దావిడ ఎలా ఉంటుందో కూడా తెలుసు. కిటికీలోంచి కనపడింది. తెల్ల కోటు, తల నెరిసింది. చూడగానే అనిపించింది నాన్నా, ఈవిడ దగ్గర నేను పని చేస్తాను అని.”

“...అంత దూరం వెళ్ళొచ్చావా.”

“మరి? ఇది వస్తే నువ్వు మళ్ళీ స్టీరింగు ముట్టుకోనక్కర్లేదు. డాక్టరేమన్నాడు?”

“డాక్టర్లన్నాక ఏదో ఒకటి అంటారు.”

“‘ఇంకా నడిపితే ఒకరోజు సీట్లోంచి నిన్ను మోసుకుని దించాల్సి వస్తుంది’ అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. అందుకని ఇది పోగొట్టుకోకూడదు. అడుగు, ఇంకోటి అడుగు. నువ్వే ఏదైనా కొత్తది అడుగు, నేను అనుకోనిది.”

“అనుకోనిదా... మూడు నెలలు వేరే ఊళ్ళో శిక్షణ ఉంటుంది. వెళ్ళగలరా?”

“వెళ్తాను సార్. మా అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని... కాదు, అమ్మ సంగతి వద్దు. ‘వెళ్తాను సార్, దానికి ఇంట్లో ఏర్పాటు చేసుకున్నాను.’ బాగుందా?”

“బాగుంది. చాలా బాగుంది. అలా చెప్పాలన్నమాట.”

“నాన్నా.”

“ఆఁ?”

“ఈ ప్రశ్న నీకెలా తెలుసు?”

“ఏ ప్రశ్న?”

“శిక్షణ ఉంటుందని నాకే తెలీదు. ప్రకటనలో లేదు. అక్క చెప్పలేదు.”

“ఊరికే అన్నా. మేనేజర్లు అడుగుతారు కదా.”

“మూడు నెలలని కూడా ఊరికే వచ్చిందా?”

“నోటికొచ్చింది.”

“ఏమండీ, చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నువ్వుండవే!”

“మీ నాన్నకి ల్యాబు వాళ్ళ ఫోనొచ్చిందమ్మా.”

“నాన్నకా? ఎప్పుడు?”

“నాకే వచ్చింది. పొద్దున నువ్వు సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి వెళ్ళావు చూడు, అప్పుడు. నీకు చేశారట, కలవలేదట. రెండో నంబరని నాది రాశావుగా.”

“బస్సులో ఉన్నాను. మోగింది వినపడలేదు. తర్వాత చూసి, ఎవరో లోన్లు అమ్మేవాళ్ళనుకున్నాను. ఏమన్నారు నాన్నా? టైము మార్చారా?”

“మార్చలేదు.”

“మరి?”

“‘అమ్మాయి లేదండీ’ అన్నాను. ‘మీరెవరు’ అన్నాడు మేనేజరు. ‘తండ్రిని. దాని గురించి ఏం కావాలన్నా నన్నడగండి సార్, దానికంటే నాకే బాగా తెలుసు’ అన్నాను.”

“అయ్యో నాన్నా.”

“ఎంత మర్యాదగా మాట్లాడాడో తెలుసా! నన్ను ‘గారు’ అన్నాడు. అన్నేళ్ళు బడి బస్సు నడిపానా, ఒక్క పంతులు కూడా గారు అనలేదు. నాకు ఒళ్ళు పొంగిపోయింది.”

“ఏమడిగాడు?”

“డెయిరీ ఎందుకు మానేసిందీ అని.”

“నువ్వేం చెప్పావు?”

“...ఉన్నదే.”

“ఉన్నదంటే?”

“‘ఇలాంటి కూతురు కోటికొకరికి కూడా ఉండదు సార్’ అన్నాను. ‘వాళ్ళమ్మకి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, ఎక్కడున్నా ఏం చేస్తున్నా వదిలేసి పరిగెత్తుకొస్తుంది’ అన్నాను.”

“నాన్నా...”

“అప్పుడడిగాడు. మూడు నెలలు వేరే ఊళ్ళో ఉండగలదా అని. ‘వాళ్ళమ్మని వదిలి ఒక్క పూట ఉండలేదు సార్, అంత ప్రాణం’ అన్నాను. పొగిడాను తల్లీ. నేను నిన్ను పొగుడుతున్నాననే అనుకున్నాను.”

“తర్వాత?”

“ఫోను కట్టయిందేమోనని చెవి మార్చుకున్నాను. ‘అలాంటి అమ్మాయిని మేం ఇబ్బంది పెట్టడం బాగోదండీ. రేపు రానవసరం లేదని చెప్పండి’ అన్నాడు.”

“రానవసరం లేదా!”

“ఏదైనా అను తల్లీ. తిట్టు.”

“ఇలా ఇవ్వు ఫోను. నేను మాట్లాడతాను.”

“నేను మళ్ళీ చేశానమ్మా. ‘తప్పు చెప్పాను సార్, వెళ్తుంది, ఎక్కడికైనా వెళ్తుంది’ అన్నాను. ‘ఆ ఖాళీలోకి ఇంకొకర్ని పిలిచేశామండీ’ అన్నాడు.”

“నేను మాట్లాడితే వేరేగా ఉంటుంది. ఆ పెద్దావిడతో మాట్లాడతాను... మోగుతోంది.”

“ఆఫీసు మూసేసి ఉంటారు.”

“మోగుతోంది నాన్నా, మాట్లాడకు... ఎత్తట్లేదు.”

“మూసేసి ఉంటారు.”

“రేపు వెళ్తాను. పిలవకపోయినా వెళ్తాను. మెట్ల దగ్గర నిలబడతాను, ఆవిడ వచ్చేటప్పుడు ఒక్క నిమిషం...”

“అదీ అడిగాను. రేపు పిలిచినవాళ్ళని తప్ప గేటు లోపలికి రానివ్వరట.”

“నా వల్లే. నేనా రోజే పోయుంటే మీకీ తిప్పలు...”

“అమ్మా, నువ్వు ఊరుకో! ఆ మాట ఇంకోసారి అన్నావంటే నేను... ఊరుకోమ్మా. ఏడవకు. ఆయాసం వస్తుంది.”

“అదెప్పుడూ అంతే. మధ్యలో దూరి చచ్చే మాటలు మాట్లాడుతుంది.”

“నువ్వు కూడా ఊరుకో నాన్నా. నువ్వసలు... ఇంతసేపు ఎందుకు కూర్చున్నావు? నా ఎదురుగా? అన్నీ తెలిసి ఉండి ప్రశ్నలెలా అడిగావు?”

“చెబుదామనే వచ్చాను. నేనొచ్చేసరికి కుర్చీలు వేసేశావు. జుట్టు కూడా దువ్వుకుని కూర్చున్నావు. నీ మొహం అంత కళగా ఉండటం చూసి చాలా రోజులైంది. కాసేపు... కాసేపు అలాగే ఉండనిద్దామనుకున్నాను.”

“ఏమండీ, మిగతాది కూడా చెప్పేయండి.”

“ఇంకా ఏముంది?”

“ఏం లేదు. రెండోసారి చేసినప్పుడు బాగా బతిమాలాను కదా. పాపం ఆయన విసుక్కోలేదు. ‘మీరేం చేస్తుంటారండీ’ అన్నాడు. బస్సు నడిపేవాణ్ణి అన్నాను.”

“అయితే?”

“వాళ్ళకో వ్యానుందట. ఊరంతా తిరిగి, ఇంటింటికీ బావిబావికీ వెళ్ళి నీళ్ళ సీసాలు పట్టుకొచ్చేది. దాని డ్రైవరు మానేసి పోయాడట.”

“వద్దు.”

“మాట తీరు బాగుందన్నాడు.”

“వద్దు నాన్నా. నీ నడుం సంగతి చెప్పావా ఆయనకి?”

“ఆయన అడగలేదు.”

“డాక్టరేమన్నాడో చెప్పాలి కదా!”

“ఎలా చెప్తానే? మనం చెప్పేది ఒకటి, వాళ్ళకి వినపడేది ఇంకొకటి అని ఇప్పుడేగా నువ్వన్నావు.”

“అమ్మా, నువ్వైనా చెప్పు!”

“పొద్దుటి నుంచీ చెప్తూనే ఉన్నానమ్మా.”

“నీకింకోటి దొరికేదాకానే తల్లీ. దొరికిన రోజు తాళం వాళ్ళ బల్ల మీద పడేసి వచ్చేస్తాను. అలా చూడకు. ఏడిస్తే ఏడువు కానీ అలా చూడకు. రేపు పదింటికి రమ్మన్నాడు నన్ను. ఇప్పుడు నువ్వు మేనేజరువి, నేనెవరో నీకు తెలీదు. ‘ఒంట్లో ఎలా ఉంటోంది’ అని అడుగు, ఏం చెప్పాలో కూడా నువ్వే నేర్పు.”