నేలకు సమానంగ

జర చూసి నడువు తారా, ఇగురు తొక్కుతవు! అగో, గా మొద్దు కనవడ్తలేదా? మొన్న మీ నాయిన దర్వాజలకని వాకిట్ల టేకు కొట్టిచ్చిండు. నేనే నిలవడి నేలకు సమానంగ కొట్టిచ్చిన. ఎందుకంటవా? గదంత మీ తాత నాకు అంటవెట్టిపోయిన పిచ్చి బిడ్డా. హనుమంత రావు దొరవారి పిచ్చి! ఆయన పోయి గిన్నేండ్లాయె, పిచ్చి మాత్రం ఇంకా నా నెత్తిమీదనే ఉన్నది. రా, గీ మంచం మీద కూసో.

అన్నదమ్ములు పంచుకునేటప్పుడు గుట్ట కింది టేకంత కొట్టి జగిత్యాల కట్టె యాపారికి అమ్మిండ్రు. ఉత్త మొద్దులు మిగిలినయి. మా బావలు 'మొద్దులు పీకిచ్చి పసుపు పంట పెట్టుకో తమ్మీ' అన్నరు. మంచి మాటనే గదా? ఊహూఁ. గీయనకు మొద్దులే గావాలె! మోకాలెత్తున కొట్టిపోయినవన్ని మల్ల నేలకు సమానంగ, జర ఏటవాలుగ కొట్టిచ్చిండు. మీద నీళ్లు నిలిస్తె కుళ్లుతదట. 'చెట్టు యాడికి వోలేదు మనోరమా, వేరు లోపట బతికే ఉన్నది. మేకను రానియ్యొద్దు, మంటను రానియ్యొద్దు, గంతే' అనెటోడు. పెండ్లాం జెరమొచ్చి పండుకుంటె నొసలు ముట్టి చూడడు గని, మొద్దు మొద్దు కాడ వంగి, నాలుగిగుర్లొస్తె బలమైనదొకటి ఉంచి కడమయి తెంపుడు. సుట్టూత తుమ్మకంప. మేకల మల్లేశంతోని రోజూ లొల్లి. 'మేకకేం దెలుస్తది దొరా' అని వాడు, 'నీకు దెలుస్తది గదరా' అని గీయన. నా చెవులు చిల్లులు వడె.

గప్పుడే ఊర్లల్లకు అన్నలు, గదే నక్సలైట్లు, వచ్చుడు మొదలాయె. గొల్లపల్లి దిక్కు దొరలందరు మూటలు గట్టిరి. మా బావలు కోరుట్లల ఇల్లు కిరాయికి జూసి జీపు సుత తెచ్చిండ్రు. నేను పెట్టెలు సర్ది, పిల్లల చెయ్యి వట్టుకొని నిలవడితి. గీయనేడి? కంప వెట్టవోయిండు! 'మేక మూతికి అందనంత ఎత్తయితె అస్త, మీరు నడువుండ్రి' అన్నడట. గట్లాంటి మనిషిని ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? జీపు ఉత్తదే పాయె. మొండోడు రాజుకన్న బలవంతుడంటరు గని, మొండోని పెండ్లాం సంగతి ఎవ్వలు జెప్పరు.

చెట్లు మనిషెత్తు దాటినయి. ఇగ పోలీసోళ్లచ్చిండ్రు. 'ఇక్కడే దాక్కుంటున్నారు, మొత్తం కొట్టేయండి' అని ఊరోళ్లకు గొడ్డండ్లు పట్టిచ్చిండ్రు. కడుపు మండినా ఇంట్ల కూసుంటె సరిపోతుండె. గీయన అందరికన్న ముందు ఉరికిండు! 'అట్ల గాదురా, నేలకు సమానంగ కొట్టు, ఏటవాలుగ కొట్టు, తోలు లెవ్వనియ్యకు' అని ఒక్కొక్కని ఎంటవడ్డడు. వాళ్ల సారు సంబురపడి 'దొరగారు బాగా సహకరించారు' అని భుజం తట్టిండు, ఊరందరి ముందట. చేతికి కర్రిచ్చి పండ్లు రాలగొట్టిచ్చుకునుడంటె గిదే గాదా?

వారం తిరుగలె, అన్నలచ్చిండ్రు. 'దగ్గరుండి కొట్టిచ్చినవు, నువ్వు ఇన్ఫార్మర్‌వి' అని గీ వాకిట్లనే నిలవెట్టిండ్రు. నేను కాళ్లమీద వడ్డ. గీయన తప్పాయె అనాలె గదా? అనడే! 'నేను కొట్టిచ్చింది సచ్చెటందుకు గాదు, మల్ల మొలిసెటందుకు. వానలు వడ్డంక రాండ్రి. ఇగురు రాకుంటె నన్నేమన్న జేసుకోండ్రి' అన్నడు. వాళ్లల్ల అద్దాలు వెట్టుకున్నాయన 'సరే, వానలదాక' అన్నడు. చూడు బిడ్డా, పానం తీస్కపోయి మొద్దుకు గట్టిండు!

ఆ యేడు మిరుగం కార్తె ఎండిపాయె. నేను మొగులు జూసి ఏడుసుడు, ఆయన మేకలను జూసి తిట్టుడు. భయమన్నదే లేదు మనిషికి. ఆరుద్రల కొట్టింది వాన. నాలుగొద్దులైనంక చెప్పుల్లేకుంట నేనే ఉరికిన. మొద్దు మొద్దుకు ఎర్రటి ఇగుర్లు, గుత్తులు గుత్తులు! గక్కడనే కూలవడి ఏడ్చిన. అన్నలు సుత వచ్చి చూసి, ఆయనను ఇడిసిపెట్టి పోయిండ్రు.

ఇగ గండం గడిసిందనుకున్నవా? నేను గట్లనే అనుకున్న. మర్సటేడుకు అది రెండింతలు దట్టమాయె. అగో, గప్పుడు మతికొచ్చింది పోలీసోళ్లకు గీయన ఎట్ల కొట్టిచ్చిండో. 'వాళ్ల కోసమే పెంచావు' అని తోల్కపోయిండ్రు. మల్ల ఎడ్లబండి మీద తెచ్చి గీ మంచం మీదనే పండవెట్టిరి. పక్కబొక్కలు ఇరిగినయి. చెంచతోని నీళ్లు వోస్తుంటె కండ్లు తెరిసిండు. పిల్లలేరని అడుగుతడనుకున్న. నువ్వెట్ల బతుకుతవే అంటడనుకున్న. 'మనోరమా, కంప దగ్గరికేసిండ్రా?' అన్నడు. గంతే. మల్ల నోరు తెరువలె. గా మాట యాదికొస్తె ఇప్పటికీ ఒళ్లు మండుతది నాకు.

ఎవలు వోతరు బిడ్డా గక్కడికి, గా రోజులల్ల? దినాలు అయినంక నేనే పోయి ఏసిన కంప. చేతులంత ముండ్లు గుచ్చుకొని...

హేయ్! హేయ్! తారా, లెవ్వే, గేటు తీసిపెట్టింది ఎవలే? మేక, మేక... మొద్దు కాడికే వోతున్నది! కట్టె ఏదీ, నా కట్టె ఇటియ్యి!