ఒంటి బూటు

వాన వెలిసిన ఉదయం. గొడుగులు బాగుచేసే ఆయన ఇంటి ముందుగది. ఆయన తన పాత సిపాయి కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. భార్య ఆ కోటుకి గుండీలు జరిపి కుడుతోంది. పెళ్లయిన కూతురు గుమ్మం దగ్గర కూర్చుని ఒంటి బూటుకి పాలిష్ పెడుతోంది.

"కదలకండి. సూది దిగుతుంది."

"దిగనీవే. యుద్ధానికి వెళ్లి ఒక్క గాయమైనా లేకుండా వచ్చానని అందరూ వెక్కిరిస్తుంటారు. ఇవాళైనా ఒకటి చూపించుకుంటాను."

"పొట్ట లోపలికి పీల్చండి."

"పీల్చే ఉన్నాను."

"ఇదా పీల్చడం?"

"ఇంతకన్నా పీలిస్తే వీపులోంచి బయటికొస్తుంది."

"అమ్మా, కోటు విప్పించి కుట్టరాదూ? పాపం, అలా ఎంతసేపు నిలబడతాడు?"

"విప్పితే మళ్లీ తొడుక్కుంటారా మీ నాన్న? ఇప్పుడే వస్తానని కొట్లో దూరి, ఎవరిదో విరిగిన గొడుగు ముందేసుకుని కూర్చుంటారు. ఈలోపు సభకి తీసుకెళ్లే బండి వచ్చి వెళ్లిపోతుంది. నాకు తెలీదూ! ఆ చేతిలో ఏంటండీ?"

"ఏం లేదే."

"ఏం లేకపోతే వెనక్కెందుకు దాస్తున్నారు? గొడుగు పిడి! నిలబడి కూడా రిపేరేనా?"

"టీచరమ్మది. స్ప్రింగు పట్టేసింది. సాయంత్రానికి ఇస్తానన్నాను."

"ఇటివ్వండి. ఇవాళ మీరు గొడుగులాయన కాదు. సిపాయి."

"ఈ కోటు ఒప్పుకోవడం లేదుగా. కుంచించుకుపోయింది చూడు."

"కోటుకేం కాలేదు. గుండీలు ఇదివరకు ఎక్కడుండేవి, ఇప్పుడెక్కడికొచ్చాయి! ఇంకొంచెం జరిపితే చంక కింద పెట్టుకోవాలి."

"అప్పట్లో నేను పక్కకి తిరిగితే కనిపించేవాణ్ణి కాదు. అందుకే శత్రువు నన్ను కాల్చలేకపోయాడు. ఇప్పుడు యుద్ధమొస్తే మొదటి గుండు నాకే. రెండోదీ నాకే."

"ఇదిగో, ఇలాంటివే అక్కడ మాట్లాడొద్దన్నాను. ఏం చెప్పాలో ఇంకోసారి చెప్పండి, వింటాను."

"ఎవరు చెప్పాలి?"

"మీరే. యుద్ధంలో పోయిన మా తమ్ముడి పేర పెట్టిన రాయి మీద గుడ్డ తీస్తారు. చప్పట్లు కొడతారు. ఊరి పెద్దాయన మిమ్మల్ని రమ్మంటాడు. మీరు లేచి ఏమంటారు?"

"దాహమేస్తోందంటాను."

"నాన్నా!"

"ఒక్క వాక్యమండీ. ఒకే ఒక్కటి. 'మా బావమరిది అందరికంటే ముందు కందకంలోంచి శత్రువు మీదికి దూకాడు. నేను కళ్లారా చూశాను.' ఇంతే. రాయి మీద చెక్కిందీ అదే. ఆ రోజు ఆ కందకంలో ఉన్నవాళ్లలో ఇంకా బతికున్నది మీరొక్కరే. మీరు చెప్పకపోతే ఎవరు చెబుతారు?"

"రాయి మీద చెక్కాక మళ్లీ నా నోటితో ఎందుకు? చదువొచ్చినవాళ్లు చదువుకుంటారు. రానివాళ్లకి పక్కవాళ్లు చెప్తారు."

"అదిగో! నాల్రోజులుగా ఇదే వరస. చెప్పమంటే దగ్గొస్తుంది, నిద్రొస్తుంది, గొడుగొస్తుంది. మా తమ్ముడి గురించి ఒక్క మంచి మాట చెప్పడానికి మీకు నోరెందుకు రాదు? మీ గొప్పలైతే..."

"నా గొప్పలా? ఏవే అవి? ఉంటే నాకూ చెప్పు, ఇవాళ పనికొస్తాయి."

"అమ్మా, నాన్న ఎప్పుడైనా గొప్పలు చెప్పుకున్నాడా? తుపాకీ కథ గుర్తులేదూ?"

"అది గొప్పే అమ్మాయ్. తుపాకీ చేతికిచ్చి, ఎలా పట్టుకుంటావో చూపించమన్నాడు ఆఫీసరు. నేను చక్కగా నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాను. ఏంట్రా అది అన్నాడు. అలవాటండీ, మబ్బు పట్టింది కదా అన్నాను. గొడుగులు కుట్టేవాణ్ణి కూడా యుద్ధానికి తీసుకెళ్లారంటే అప్పుడు మన పరిస్థితి ఎలా ఉందో అర్థం చేసుకో."

"గురిపెట్టి కొట్టింది కూడా చెప్పు."

"ఒక్కసారి కొట్టాను. చెట్టుకి గురిపెడితే వంటవాడి డేగిసాకి తగిలింది. ఆ పూట అందరం పస్తు. శత్రువు వల్ల కానిది నా వల్ల అయింది."

"చాలు. నవ్వింది చాలు. నువ్వు బూటు సంగతి చూడవే."

"దీనికింక మెరుపు రాదమ్మా. తోలు పగిలిపోయింది."

"రుద్దు, వస్తుంది. రాయి ముందు పెడతానని వాళ్లతో చెప్పాను."

"ఒంటి బూటా? రెండోది కూడా ఉంటే బాగుండేది."

"ఆ మాట మీ నాన్ననడుగు. మా తమ్ముడి పెట్టె తెచ్చిచ్చింది ఈయనే. రెండు చొక్కాలు, దువ్వెన, ఈ ఒంటి బూటు. రెండోది ఏదండీ అంటే..."

"యుద్ధంలో పోయింది."

"అదీ! అప్పుడూ అదే మాట, ఇప్పుడూ అదే మాట."

"మామయ్య ఎలా ఉండేవాడమ్మా? మరీ ధైర్యమా?"

"పంతొమ్మిదేళ్లు. అప్పుడప్పుడే మీసాలొస్తున్నాయి. వాడికి భయమంటే ఏంటో తెలీదు."

"దేనికీ భయపడేవాడు కాదా?"

"దేనికీ కాదు. అంటే... చిన్నప్పుడు ఏదో, అందరు పిల్లలకీ ఉండేదే. నువ్వు గట్టిగా రుద్దు."

"నాన్నా, రాయి పెట్టిన చోట నీళ్లు నిలిచాయి తెలుసా? నిన్న సాయంత్రం చూసొచ్చాను. చుట్టూ కప్పలే. గుడ్డ కప్పి ఉంచారు కదా, దాని మీద కూడా ఒకటి ఎక్కి కూర్చుంది. పిలిస్తే ముందుగా వచ్చినట్టు."

"రాయి మీదా?"

"ఆఁ, సరిగ్గా పైన. నీ కప్పేమో అనుకున్నాను."

"మీ నాన్న కప్పేంటే?"

"అమ్మకి కప్ప కథ తెలీదా? అన్నేళ్లుగా చెప్తున్నావు, అమ్మకి ఒక్కసారి కూడా చెప్పలేదా?"

"అది కొట్లో చెప్పుకునే కథమ్మా. ఇంట్లోది కాదు."

"నేనే వినను. ఈయన యుద్ధం కబుర్లు మొదలెడితే లేచి వంటింట్లోకి పోతాను. నా తమ్ముడు ప్రాణమిచ్చిన చోట ఈయన వేసిన కోతివేషాలు నేను కూర్చుని వినాలా? కొట్లో వాళ్లు పగలబడి నవ్వడం మాత్రం వంటింటి దాకా వినిపిస్తుంది."

"ఇవాళ పోలేవుగా. సూది చేతిలో ఉంది. చెప్పు నాన్నా."

"ఇప్పుడొద్దు."

"అయితే నేను చెప్తా. నాకు కంఠతా వచ్చు."

"వద్దంటున్నానా! ఇంకెన్ని గుండీలే?"

"రెండు. చెప్పనీయండి దాన్ని. మీరు ఇంత మొహమాటపడటం నేనెప్పుడూ చూడలేదు."

"రాత్రంతా వానమ్మా. కందకంలో మోకాళ్ల దాకా నీళ్లు. అందరూ ఊపిరి బిగబట్టి, ఎప్పుడెప్పుడు హుకుం వస్తుందా అని చూస్తున్నారు. చప్పుడు చేస్తే చంపేస్తానన్నాడు ఆఫీసరు. అప్పుడు నాన్న చొక్కాలోకి చల్లగా ఏదో..."

"మెడ దగ్గర్నుంచి."

"చూశావా, ఆగలేడు! మెడ దగ్గర్నుంచి దూరింది. కప్ప! వీపు మీదికి జారింది. ఇక నాన్న గెంతులే గెంతులు. తుపాకీ ఒక మూల, టోపీ ఒక మూల. మామయ్య 'ఏమైంది బావా, ఏమైంది బావా' అని పక్కనుంచి..."

"అమ్మో అని అరిచాను. అంతే. అయిపోయింది. గుండీ కుట్టవే."

"అమ్మో కాదు నాన్నా."

"అమ్మో అనే."

"ఎప్పుడూ 'అక్కా' అనే చెప్తావ్! అక్కడే కదా అందరూ నవ్వేది! అంత సిపాయి, చేతిలో తుపాకీ ఉన్నవాడు, కప్పకి జడుసుకుని 'అక్కా!' అని చంటిపిల్లాడిలా..."

"అబ్బా! గుచ్చావే! చూశారా, మొత్తానికి గాయమైంది. ఇక పతకం ఇవ్వొచ్చు."

"తర్వాత?"

"తర్వాతేముందమ్మా, 'అక్కా' అని అరిచి కందకంలోంచి బయటికి ఒకే ఒక్క దూకు! మామయ్య కాలు పట్టుకుని లాగితే బూటు ఊడి ఆయన చేతికొచ్చింది. నాన్న పైన ఒంటి బూటుతో తైతక్కలాడి, చొక్కా దులుపుకుని మళ్లీ లోపలికి దూకాడు. ఆఫీసరు చెవి మెలేసి, ఆ రోజంతా ఉల్లిపాయలు ఒలిపించాడు. కప్ప మాత్రం హాయిగా... అమ్మా, ఎందుకు ఆపేశావ్? దారం అయిపోయిందా?"

"మీకు అక్క లేదు."

"ఏంటే?"

"ఇంటికి పెద్ద మీరే. మీ తర్వాత ఇద్దరు తమ్ముళ్లు. మీకు అక్క ఎక్కడుంది?"

"భయంలో నోటికేదొస్తే అది అంటాం. అక్క ఉందా, చెల్లి ఉందా అని లెక్క చూసుకుంటామా?"

"మీకు కప్పంటే భయమా? పెరట్లో తొట్టి కింద చేరినవాటిని చేత్తో పట్టుకెళ్లి అవతల వదిలేది ఎవరు? మొన్న మీ చెప్పులో దూరితే, 'లేమ్మా, బేరానికి పోవాలి' అని బతిమాలారు కూడా."

"ముసలాణ్ణయ్యాక ధైర్యం వచ్చిందే. ఆలస్యంగా వచ్చింది. నాకన్నీ ఆలస్యమేగా."

"మా వాడికి భయం."

"మామయ్యకా? దేనికీ భయం లేదన్నావుగా?"

"కప్పకి తప్ప. కప్ప కనిపిస్తే పారిపోవడం కూడా చేతకాదు వాడికి. ఉన్నచోటే నిలబడి 'అక్కా' అని కేకపెట్టేవాడు. ఇల్లు అదిరిపోయేది. ఏ పని చేస్తున్నా వదిలేసి చీపురు పట్టుకుని పరిగెత్తేదాన్ని. నేనొచ్చి ఊడ్చేదాకా కళ్లు తెరిచేవాడు కాదు. మీసాలొచ్చాక కూడా అంతే. సైన్యానికి వెళ్లే ముందు నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దని. బావకి అస్సలు చెప్పొద్దక్కా, జన్మంతా ఏడిపిస్తాడు అన్నాడు. నేను చెప్పలేదు. ఇన్నేళ్లలో నా నోట రాలేదు. మరి మీకెలా తెలిసిందండీ? అది ఏ రోజు?"

"ఏదో ఒక వాన రోజు."

"వాడు పోయిన రోజూ వానే."

"వానాకాలంలో అన్ని రోజులూ వానే కదే."

"బూటు ఎవరి చేతికొచ్చింది?"

"నాన్నా... ఈ బూటా?"

"అది కింద పెట్టమ్మా."

"చెప్పండి. ఎవరి చేతికొచ్చింది?"

"నా చేతికి. కాలు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. అంతా బురద. జారిపోయి బూటొక్కటే చేతిలో మిగిలింది. తల ఎత్తి చూస్తే వాడు పైన నిలబడి చొక్కా దులుపుకుంటున్నాడు. వాడు దూకడం చూసి, హుకుం వచ్చిందేమో, మనకే వినపడలేదేమో అని మిగతావాళ్లు కూడా దూకారు. ఆఫీసరు దూరం నుంచి చూశాడు. ఆయన మీ పుట్టింటికొచ్చి అబద్ధం చెప్పలేదే. అందరికంటే ముందు దూకింది నిజంగా వాడే."

"మరి తిరిగి లోపలికి..."

"రాలేదమ్మా. అప్పటికే కాల్పులు మొదలయ్యాయి."

"మరి నీకు జరిగిందని ఎందుకు చెప్పావు నాన్నా? కొట్లో అందరూ నిన్ను చూసి నవ్వేవాళ్లు కదా."

"ఇంకెవరికి జరిగిందని చెప్పను? ఆఫీసరొచ్చి మీ అమ్మకి సింహంలా దూకాడని చెప్పి వెళ్లాడు. అది పట్టుకునే మీ అమ్మ ఆ ఏడాది ఇంత ముద్ద తినగలిగింది. సింహం చొక్కాలో కప్ప దూరిందని నేనెలా చెప్పను? పోనీ మొత్తానికే మర్చిపోదామంటే, కళ్లు మూసుకుంటే వాడు నాకు కనిపించేది అలాగే, గెంతుతూ. అందుకని నా నెత్తినేసుకున్నాను. గొడుగులు కుట్టేవాడికి పోవడానికి పరువేముంది! నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. పైగా నా కథలో మళ్లీ లోపలికి దూకుతాడు కదా. ఉల్లిపాయలు ఒలుస్తాడు కదా."

"నిజంగా అక్కా అనే అన్నాడా?"

"అన్నాడు."

"గట్టిగానా?"

"కందకం ఆ చివరిదాకా వినిపించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కాలు పట్టుకున్నాను. ఇప్పుడు నువ్వే చెప్పు. గుడ్డ తీశాక నన్ను లేచి ఏమనమంటావ్? నువ్వు ఏది చెప్పమంటే అదే చెప్తాను. సింహమంటే సింహం. ఏదో ఒకటి అను. తిట్టు పోనీ... సూది కోటుకే వదిలేశావే. ఒక గుండీ ఇంకా వేలాడుతోంది. ఏమేవ్..."

"అమ్మా? అమ్మా, ఎక్కడికీ? బండి ఇంకా రాలేదు. అమ్మా!"

"పిలవకమ్మా. పోనీ."

"వెళ్లిపోయింది నాన్నా. మలుపు తిరిగింది. రాయి వైపే వెళ్తోంది."

"బూటు తీసుకెళ్లిందా?"

"బూటు ఇక్కడే ఉంది. చీపురు తీసుకెళ్లింది."