చల్లబడ్డ చెవులు

నా పేరు జానమ్మ. కురుమ లింగస్వామి భార్యను. వయసు ముప్పై అయిదు ఉండవచ్చు. మర్రిగూడ దగ్గరి పల్లెలో గొర్లు కాస్తాము, జొన్న వేస్తాము. నా మరిది మల్లప్ప తన అన్నను తాడుతో బండికి కట్టి చంపాడని మా చిన్నమామ జంగయ్య ఫిర్యాదు ఇచ్చాడు. మల్లప్పను ఠాణాలో ఉంచారు. ఎస్సై గారు అడగగా చెబుతున్నాను.

ఈ ఏడు, 1962లో, మృగశిర దాటినా వాన లేదు. సోమవారం ఉన్ని కత్తిరిస్తుండగా గొర్రె తన్నింది. నా భర్త చేతిలోని కత్తెర అతని పిక్కలోనే దిగింది. పసుపు పెట్టి గుడ్డ కట్టాము. గురువారానికి పిక్క వాచింది. ఎర్రని గీత తొడదాకా పాకింది. గొంగడి మీద గొంగడి కప్పినా వణికాడు.

శుక్రవారం ఉదయం వణుకు ఆగింది. ఒళ్ళు చల్లబడింది. లేచి కూర్చుని మందను చూస్తూ, "గొర్లు నీళ్ళల్ల నిలవడ్డయి, పిల్లలను ఎత్తుకోండ్రి" అన్నాడు. మంద చుట్టూ దుమ్ము తప్ప ఏమీ లేదు.

మాలో బీరప్ప దేవుడు పూనితే ఇలాగే వణుకు వచ్చి, ఆ తర్వాత మాట వస్తుంది. దేవుడు దిగిపోయేదాకా ఆ మనిషిని కదపరాదు. జంగయ్య అతని నొసట పసుపు బండారి పెట్టి, డోలు కొట్టించాడు.

"సామీ, వానెప్పుడొస్తది?"

"వచ్చింది గదరా. నీ కాళ్ళు తడుస్తలేవా?"

జంగయ్య తన కాళ్ళు చూసుకున్నాడు. అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను.

మల్లప్ప ఒక్కడే అతని చెవులు పట్టి చూశాడు. "వదినె, చెవులు సల్లగైనయి. ఊపిరి జూడు, ఎండల గొర్రె ఎగపోసినట్టున్నది. పొద్దటిసంది ఒంటికి పోయిండా?"

మూత్రం పోలేదన్నాను.

"నీకు దేవుడు గూడ గొర్రె లెక్కనే కనవడ్తడారా?" అన్నాడు జంగయ్య.

"చెవులు ఎవలయైనా గట్లనే సల్లవడ్తయి చిన్నాయినా. గిట్లైన గొర్రె దక్కదు. దవాఖానకు తోల్కపోదాం."

డోలు ఆగలేదు. నేను భర్త చేతి గోరు నొక్కి వదిలాను. తెల్లబడిన గోరు తెల్లగానే ఉండిపోయింది. "బండి కట్టు మల్లప్పా" అన్నాను.

దారిలో అతను మాటిమాటికీ దిగబోయాడు. "జర ఆపుండ్రి, పిల్ల కొట్టుకపోతాంది" అన్నాడు. ఒకసారి చక్రం కింద పడబోయాడు. అప్పుడు తాడు కట్టింది నేను. మల్లప్ప ఎద్దులను తోలుతున్నాడు, వెనక్కి చూడలేదు. అది గొర్రెపిల్లను భుజాన వేసుకునేటప్పుడు కట్టే ముడి. ఒక్క గుంజుకు ఊడుతుంది.

రోడ్డు మీద లారీ ఆపి నల్గొండ చేర్చాము. అప్పటికి నన్ను గుర్తుపట్టలేదు. సూదులు వేశారు. సాయంత్రం పోయాడు. పుండు విషం నెత్తురులో కలిసిందని, మతి తప్పినప్పుడే తేవలసిందని డాక్టరు గారు అన్నారు. మతి తప్పినప్పుడు మేము వాన అడుగుతున్నాము.

శవంతో తిరిగి వస్తుంటే వాన వచ్చింది. ఇల్లు చేరేసరికి మంద నీళ్ళలో నిలబడి ఉంది. పిల్లలను నేనూ మల్లప్పా ఎత్తుకున్నాము.

దేవుని మాట నిజమైందని, దేవుణ్ణి కట్టేసినందుకే మనిషి పోయాడని జంగయ్య అంటున్నాడు. వాన సంగతి నాకు తెలియదు. ముడి నాది. తాడు ఇస్తే ఇక్కడే కట్టి చూపిస్తాను.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, జరిగిందే చెప్పాను.

జానమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.