ఇల్యారి పేజీలో ఒక తప్పు

అలా చూడకు. కూరలో ఉప్పు తక్కువైందని నాకూ తెలుసు. ఇవాళ చెయ్యి నా మాట వినడం లేదు, ఏం చెయ్యమంటావు? పొద్దున బఠాణీలు మాడ్చాను. నిన్న నీ పేరు మీద పిండితో చేసిన రొట్టెబొమ్మ ఒకటి పొయ్యిలోనే మర్చిపోయాను. ఇరవై ఏళ్ళు బజారులో ఊదా మొక్కజొన్న జావ కాచి అమ్మినదాన్ని, ఒక్కరోజు అడుగంటనివ్వలేదు. అట్లాంటిదాన్ని ఇట్లా అయ్యాను.

ఇందాక మీ వదిన ఫ్లోరెంతీనా వచ్చిపోయింది, చూశావుగా. నీ ఫొటో ముందు మోకరించి రెండు ముక్కలు గొణిగి, నాలుగు రొట్టెబొమ్మలు సంచిలో వేసుకుంది. గడప దాటుతూ ఒక సలహా కూడా పారేసింది. "మూడో ఏడు కదా చెల్లీ, పన్నెండు కొట్టాక తెయోఫిలో ఇంక రాడు. ఏమన్నా చెప్పుకునేదుంటే ఇప్పుడే చెప్పేసుకో" అని.

నాకు తెలీదూ? పోయినవాళ్ళకి మూడేళ్ళు నవంబరు ఒకటిన బల్ల మీద తిండి పెట్టి పిలుస్తాం, మర్నాడు పన్నెండింటికి పంపిస్తాం, మూడో ఏడు ఇంక పూర్తిగా సాగనంపుతాం. ఓరూరోలో పుట్టి పెరిగినదానికి ఇది ఒకరు చెప్పాలా?

చెప్పుకునేదుంది. అదే కదా నా బాధ.

నువ్వు తిను ముందు. పదకొండు దాటింది. జావ వేడిగా ఉన్నప్పుడే తాగు.

ఇదిగో, ఈ ఫోను. నవ్వకు. నాకు నొక్కడం వచ్చు ఇప్పుడు. కళ్ళద్దాలు పెట్టుకుంటే చదవడమూ వచ్చు. మూడు వారాల కింద క్రూస్ ఒకటి పంపింది. అవును, మన బిడ్డ క్రూస్. నీ పేరెత్తితే ఫోను పెట్టేసేది, ఆ క్రూసే.

అదేమిటంటే, ఒక ఆట లాంటిది. ఆట కూడా కాదులే, కథ. మెక్సికో వాళ్ళు, లీమా వాళ్ళు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడనివాళ్ళు కలిసి ఫోనుల్లోనే రాస్తారట. ఒక్కొక్కళ్ళు ఒక్కో మనిషిని కల్పించాలి. ఆ మనిషికో పేజీ. పేరు, వయసు, పని, రూపు, గుణం, గతం, అన్నీ అందులో ఉండాలి. పేజీ బాగుందని అక్కడి పెద్దలు ఒప్పుకుంటేనే ఆ మనిషిని కథలోకి రానిస్తారు. ఆ పెద్దల్లో మనది ఒకతి. కొచబాంబాలో పగలంతా అచ్చు దుకాణంలో పని, సాయంత్రం ఈ పెద్దరికం.

ముఖ్యంగా ఒక రకం పేజీలు దాని దగ్గరికే పంపుతారట. ఆడ గుర్తులూ మగ గుర్తులూ కలిసిన ఒంటితో పుట్టిన మనుషుల పేజీలు.

చూశావా, ఒక్క ఊపిరిలో అనేశాను. నువ్వు బతికుండగా ఈ మాట మనింట్లో ఎప్పుడన్నా అనుకున్నామా? మంత్రసాని మన ఇద్దరి మొహాలూ చూసి, బిడ్డ మీద గుడ్డ కప్పి, మాట్లాడకుండా చేతులు కడుక్కుంది. ఆ రోజు మొదలు. మే మూడు, శిలువ పండగ. క్రూస్ అంటే శిలువే కదా, అదే పేరు పెడదాం, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా సరిపోతుంది అన్నావు. అంతకుమించి నువ్వూ అనలేదు, నేనూ అనలేదు.

అదేమో అందరికీ పాఠాలు చెబుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళకి రాసిపెట్టింది, ఇదిగో, చదువుతాను విను.

"ఒంటితో మొదలుపెట్టకండి. ఆ మనిషి ఏం పని చేస్తుందో, దేనికి నవ్వుతుందో ముందు చెప్పండి. జబ్బు అనకండి, లోపం అనకండి, సగం సగం అనకండి. దాచిపెట్టి కథ చివర్లో బయటపెట్టి జనాన్ని అదరగొట్టాలని చూడకండి. ఆ మనిషి తనను తాను ఏమని పిలుచుకుంటుందో మీరూ అదే అనండి. మీరు బస్సులో పక్కన కూర్చున్న మనిషిని అడగని ప్రశ్నకి ఇక్కడ జవాబు రాయక్కర్లేదు."

ఒక పిల్ల ఎవరో పేజీలో మూడుచోట్ల పాపం, పాపం అని రాసిందట. దానికి మనది ఏం రాసిందో తెలుసా? "మూడు పాపాలూ తీసేసి పంపు, అప్పుడు చదువుతాను" అని. అచ్చం నీ నోరే. గనిలో మేస్త్రీతో నువ్వు మాట్లాడినట్టే ఉంది.

నవ్వొచ్చింది నాకు. తర్వాత ఏడుపొచ్చింది. నేను దాన్ని పెంచినన్నాళ్ళూ ఆ పాపం మాటతోనే పెంచాను కదయ్యా.

సరే. అది కల్పించిన మనిషి పేరు ఇల్యారి. పెద్ద ఏటి మీద పడవ నడుపుతుంది. ఇదీ పేజీ.

"ఇల్యారి. ముప్పై ఏళ్ళు. పడవ మనిషి. కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. పాటలు తప్పు పాడుతుంది, గట్టిగా పాడుతుంది. పొడగరి, వెడల్పు భుజాలు, బొంగురు గొంతు. పుట్టుకతోనే ఒంట్లో ఆడ గుర్తులూ మగ గుర్తులూ కలిసి ఉన్నాయి. తనను ఆడమనిషిననే చెప్పుకుంటుంది. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉంది."

అంతే. ఆ మాట చెప్పి, వెంటనే పుట్టుమచ్చ మాట చెప్పింది. రెండూ ఒకే గొంతుతో. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి మనకి నోరు రాక ఇరవై మూడేళ్ళు గడిచాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. కింద గతం అని ఉంది చూడు. నేను చదవను, నాకు కంఠస్థం వచ్చేసింది. "ఏడాదిన్నర పిల్లగా ఉండగా తండ్రి ఆమెను వైద్యుల చేతిలో పెట్టి కాగితం మీద సంతకం చేశాడు. వాళ్ళు కోసి, ఒక పక్కకి సరిచేశామన్నారు. ఆమెను ఎవరూ అడగలేదు. తల్లి బయట కూర్చుని ఏడ్చింది."

తండ్రి. చూశావా, తండ్రి అని రాసింది.

దాని కింద జనం ఏమేమి రాశారో తెలుసా? ఆ తల్లి తలుచుకుంటే గుండె తరుక్కుపోతోందట. ఆ తండ్రి చేతులు పడిపోవాలట. ఎక్కడో గ్వాటెమాలాలో కూర్చున్న ఎవత్తో నీ చేతులు పడిపోవాలని రాస్తే, ఇక్కడ నేను చదువుకుంటూ కూర్చున్నాను.

పేజీతో పాటు నాకో ముక్క రాసింది. "అమ్మా, ఇలాంటి పేజీకి ఆ ఒంటి సంగతి తెలిసినవాళ్ళు ఒకళ్ళు చూసి సరే అనాలి, అది మా నియమం. నా సంగతి మొదట తెలిసింది నీకే. తప్పుంటే చెప్పు. రెండో తారీఖు పొద్దున తాళం వేస్తాను, ఆ తర్వాత మార్చడానికి ఉండదు" అని. రెండో తారీఖు అంటే ఇవాళే, నిన్ను సాగనంపే రోజు. అది మర్చిపోయిందనుకున్నాను. మర్చిపోలేదు అది.

ఇప్పుడు అడుగుతా, చెప్పు. ఆ రోజు ఎందుకలా అన్నావు?

ఆరేళ్ళ కింద మాట. దానికి పదిహేడు. కడుపునొప్పని కొచబాంబాలో డాక్టరు దగ్గరికెళితే, చిన్నప్పుడు ఈ ఆపరేషన్ ఎందుకు చేయించారు అని ఆయన అడిగాడట. ఆ రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇంటికొచ్చింది. నువ్వు ఈ బల్ల దగ్గరే సూపు తాగుతున్నావు. సంచి కూడా దించకుండా అడిగింది, "సంతకం ఎవరు పెట్టారు?" అని.

నేను నీ వైపు చూశాను. అంతే చేశాను. "మీ నాన్న" అన్నాను.

నువ్వు చెంచా కింద పెట్టలేదు. "ఆఁ, నేనే" అన్నావు.

నువ్వు ఆ కాగితం చూడనైనా లేదు. గనిలో పద్నాలుగు రోజుల షిఫ్టుకి పోయేముందు, "పిల్ల పాలు తాగుతోంది, నవ్వుతోంది, నీకేం తొందర సెవెరీనా" అన్నావు. నువ్వొచ్చేసరికి పిల్లకి కట్లు కట్టి ఉన్నాయి. లా పాస్ తీసుకెళ్ళింది నేను. సంతకం పెట్టింది నేను. నువ్వు ఆ కట్లు చూసి బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నావు, చీకటి పడేదాకా లోపలికి రాలేదు.

క్రూస్ అలా సంచితో వచ్చినదే అలా సంచితో వెళ్ళిపోయింది. నువ్వు లేచి సూపు గిన్నె కడుక్కున్నావు. పెళ్ళయ్యాక నువ్వు గిన్నె కడగడం అదే మొదలు. నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. నాలుగు తిట్టుంటే నాకు పడుకున్నప్పుడు నిద్ర పట్టేది.

తర్వాత నీ ఊపిరితిత్తులు రాయిలా అయిపోయి, మూడేళ్ళు దగ్గి దగ్గి పోయావు. అది మట్టి వెయ్యడానికి కూడా రాలేదు. శవపెట్టె దించుతుంటే ఫ్లోరెంతీనా, "కూతురికి అంత పొగరా" అంది. నేను అప్పుడూ నోరు మూసుకునే ఉన్నాను. అప్పట్నుంచీ ఇంట్లో నీ దగ్గు వినిపిస్తుంది. పొద్దున పిండి కలుపుతుంటే కూడా వినిపిస్తుంది. పక్కింటి వాళ్ళని అడిగాను, వాళ్ళకేం వినపడదట.

అందుకే అనుకున్నాను, మూడో ఏడు దాటితే ఆ దగ్గు కూడా నీతో పోతుందేమో అని. ఎంత పాపిష్టిదాన్నో చూడు.

ఇవాళ పొద్దున ఏడింటికి జవాబు రాశాను. నీ ఫొటోకి వీపు తిప్పి రాశాను. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి తల్లీ. తప్పేం లేదు."

అవును. రాశాను. ఇంకోసారి నీ మీదే పెట్టాను. నువ్వు ఎలాగూ వెళ్ళిపోతున్నావు, అది బతికుంది, నాకు అదొక్కటే ఉంది. నన్ను కూడా వదిలేస్తే నేనెక్కడికి పోను?

నువ్వు ఒప్పుకుంటావనే అనుకున్నాను. అలవాటేగా నీకు.

పదింటికి ఫోను మోగింది. మాట లేదు, ఒక ఫొటో. లా పాస్ ఆసుపత్రి కాగితం. నెల కింద పాత కట్టల్లోంచి వెతికించి తెప్పించుకుందట. అంటే పేజీ నాకు పంపేనాటికే అది దాని చేతిలో ఉంది. మూడు వారాలు నా కోసం ఆగిందయ్యా. నా నోటితో నేను చెబుతానేమో అని ఆగింది.

కింద సెవెరీనా కొల్కే అని గుండ్రటి అక్షరాలు. ఆరో తరగతి వరకూ చదివినదాని చేతిరాత. అది నీకు తెలుసు.

నీకు తెలియంది ఇంకోటుంది. సంతకం పైన ఒక వాక్యం ఉంది.

డాక్టరు పట్టుబట్టాడని చెప్పాను కదా నీకు? ఇప్పుడు చెయ్యకపోతే పిల్ల బతకదన్నాడని చెప్పాను కదా? అబద్ధం. ఆయన అలా అనలేదు. చిన్న వయసు డాక్టరు, మెత్తటి మనిషి. "అమ్మా, పిల్ల ఆరోగ్యంగా ఉంది. పెద్దయ్యాక తనే చెప్పేదాకా ఆగొచ్చు, ఆగితేనే మంచిదని నా ఉద్దేశం" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాశాడు. ఆగవచ్చునని తల్లికి చెప్పాము, తల్లి వద్దన్నది. అదీ ఆ వాక్యం.

ఎందుకు వద్దన్నానో చెబుతాను. అంతకు ముందు ఆదివారం కపాచోస్ వేడినీళ్ళ గుండానికి తీసుకెళ్ళాను దాన్ని. గుడ్డ జారింది. నీళ్ళలో ఉన్న ఒకావిడ చూసి, శిలువ గుర్తు వేసుకుని, తన పిల్లాణ్ణి నీళ్ళలోంచి ఎత్తుకుంది. పిల్లాణ్ణి ఎత్తుకుని అవతలికి నడిచిపోయింది, అంతే. నేను నాలుగు రోజులు అన్నం తినలేదు. ఐదో రోజు బస్సెక్కాను.

బిడ్డకి బాధ తప్పించడానికి కాదు. నాకు సిగ్గు తప్పించుకోవడానికి. వీపున శాలువాలో కట్టుకుని ఊరంతా తిప్పిన బిడ్డని, ఎవరో ఊరూ పేరూ తెలియని ఆడదాని చూపు కోసం కోయించాను.

ఇంకెవరికీ చెప్పలేదిది. పాదిరి గారికి కూడా చెప్పలేదు.

ఏమన్నా అను. అనవూ? సరే.

ఆ ఫొటో కింద క్రూస్ తిట్టలేదు. ఎందుకిలా చేశావని కూడా అడగలేదు. పేజీ మాత్రం మార్చింది, చూశాను. తండ్రి అన్నచోట తల్లి అని పెట్టింది. "తల్లి బయట కూర్చుని ఏడ్చింది" అన్నది తీసేసి, "తండ్రి మెట్ల మీద కూర్చున్నాడు" అని రాసింది. మెట్ల సంగతి దానికెవరు చెప్పారు? నువ్వేనా? ఎప్పుడు? అంత చిన్నపిల్ల కదా అప్పుడు, గుర్తుండే వయసు కాదే.

తర్వాత, ఇదిగో, ముప్పావుగంట కింద ఇంకో ముక్క పంపింది. "కరకోల్యో దాటాను. నాన్న ఎన్నింటికి వెళ్తాడు?"

పొద్దున్నే కొచబాంబాలో బస్సెక్కిందన్నమాట, నీ కోసం వస్తోంది. నన్ను అమ్మా అని కూడా రాయలేదు అందులో.

పన్నెండు అని జవాబు పెట్టాను. మూడుసార్లు తప్పు కొట్టి సరిచేశాను. మీవాళ్ళు బల్ల ఎత్తడానికి వస్తే వాకిట్లోనే ఆపుతాను, గంట కొట్టినా సరే. నువ్వూ కాస్త ఆగు. చనిపోయినవాళ్ళకి కూడా అంత నియమమా? బస్సు ఆలస్యమైతే ఆగవూ?

మెట్ల మీద చప్పుడు. విన్నావా? అది ఒక్కో అడుగూ గట్టిగా వేస్తుంది, నీలాగే.

వచ్చి అదే మాట అడుగుతుంది, నీ ఫొటో ముందు నిలబడి, సంతకం ఎవరు పెట్టారని. కాగితం దగ్గరున్నా సరే, నోటితో వినాలని అడుగుతుంది. నాకు తెలుసు దాని సంగతి.

ఈసారి నువ్వు మాట్లాడకు.