భీమిలికి దావ

ఆళ్ళగడ్డ. చాగలమర్రి రోడ్డు పక్కన శిల్పి మద్దిలేటి ఆచారి షెడ్డు. పొద్దున తొమ్మిదయింది. బయట కారు నిలబడి ఉంది. లోపల ఆచారి, ఆయన కూతురు సుప్రజ.

"మళ్ళా చెప్పు. విమానం దిగినాక?"

"ఇప్పటికి నాలుగుసార్లు చెప్పినా నాయనా."

"ఐదోసారి చెప్పు. నీ నోరేమన్నా అరిగిపోతాదా?"

"ఓర్వకల్లులో విమానం ఎక్కుతాం. వైజాగులో దిగుతాం. బయటికొస్తే క్యాబు. ఫోన్లో బుక్ చేస్తే మనం నిలబడిన కాడికే వస్తాది. గంట, గంటన్నరలో భీమిలి. అది దాటినాక సముద్రం పక్కనే జాలరోళ్ళ పల్లె. గంగమ్మ గుడి ముందరే దిగొచ్చు."

"ఆ డ్రైవరు మనల్ని ఊరంతా తిప్పితే?"

"ఫోన్లో దావ కనపడతాంటాది."

"ఫోను ఆగిపోతే?"

"బస్సుంది. రైల్వేస్టేషన్ కాడికి పోతే తొమ్మిదొందల కే నంబరు బస్సు. భీమిలి దాకా బీచి రోడ్డు మీదనే పోతాది. కిటికీ పక్కన కూర్చోని సముద్రం సూసుకుంటా పోవచ్చు."

"సీటు దొరికితే గదా కిటికీ! ఉలుల సంచి సంకలో పెట్టుకోని నేను నిలబడి పోవాల్నా?"

"అందుకే క్యాబు అంటాండా."

"ఆటోలు ల్యావా ఆ ఊర్లో?"

"ఉండాయి. అంత దూరం ఆటోలో పోతే నీ నడుము ఇంగ నాలుగు దినాలు లెయ్యదు."

"చూస్తివా? ఒక్క దావ గూడా తిన్నగా లేదు."

"అన్నీ తిన్నగానే ఉండాయి. నువ్వే... కూర్చో నాయనా. ఆ రాళ్ళ మధ్య అట్ల తిరగాకు. కాలికి తగులుతాది."

"తగల్దులే. నలభై ఏండ్లు ఈ రాళ్ళ మధ్యనే తిరిగినా. ఇదే కారులో నేరుగా పోతే?"

"ఈడ్నుంచా! పన్నెండు పదమూడు గంటలు. రేపు తెల్లారి ఆరూ ఇరవైకి ముహూర్తం. అంతసేపు కూర్చోని పోయి, ఉలితో అమ్మవారి విగ్రహానికి కన్ను తెరుస్తావా? చెయ్యి వణకదా?"

"వణుకుతాది. నువ్వే అంటాండావ్ సూడు, వణుకుతాదని."

"అందుకే విమానం."

"నంద్యాలలో రైలెక్కితే?"

"ముహూర్తం అయిపోయినాక దిగుతాం. నాయనా, నువ్వు అడగని బండి ఇంగ ఎద్దులబండి ఒకటే."

"ఎకసెక్కాలు ఆడాకు. విమానంలో ఉలులు చేత పట్టుకోని కూర్చోనీరంట గదా?"

"కూర్చోనీరు. పెద్ద సంచిలో పెట్టి వాళ్ళకి అప్పజెప్పాల. దిగినాక మళ్ళా మనకిస్తారు."

"కన్ను తెరిచే ఉలి పరాయోళ్ళ చేతికా! మా నాయన పోతా పోతా నా చేతిలో పెట్టింది అది. నేను నేల మీద గూడా పెట్టను దాన్ని."

"వాళ్ళు సంచి ముట్టుకుంటారు, ఉలి ముట్టుకోరు."

"సంచి పోగొడితే?"

"పోగొట్టరు. పోగొడితే ఆయన కాడ ఇంకోటి ఉంది."

"అదే! అదే నేననేది. నీ మొగుడు ఆడ్నే ఉన్నాడు గదా. ఉలి ఉంది. చెయ్యి ఉంది. లారీ వెంబడి పోయినాడు, విగ్రహాన్ని దించినాడు, అన్నీ సూసుకున్యాడు. ఆ కన్ను గూడా పవనే తెరుస్తాడు. మామకు జొరమని చెప్పు."

"నీకు జొరమా?"

"ఆ. నుదురు పట్టి సూడు."

"చల్లగుంది."

"లోపల ఉంది."

"నాయనా, నిజంగా ఆయన చేతికి కన్ను ఇస్తాండావా?"

"ఇస్తే ఏం?"

"పెండ్లయి ఆరేండ్లు. ఈ షెడ్డులో ఆయన చెయ్యని పనిలేదు. కన్ను జోలికి మాత్రం ఒక్కసారి రానిచ్చినావా? పోయినేడు బనగానపల్లె వినాయకునికి 'మామా, నేను తెరుస్తా' అని అడిగితే ఏమన్యావ్?"

"ఏమో. గుర్తులేదు."

"'నీకింకా పదేండ్లు పడతాది పోబ్బా' అన్యావ్. గుడోళ్ళందరి ముందర."

"అది మాటవరసకి అన్నది. ఇప్పుడు నేర్చుకున్యాడులే."

"ఒక్క ఏడాదిలోనా?"

"తెలివైనోడు."

"ఆ మాట నీ నోట వినేకి ఆరేండ్లు కాచుకున్యా. ఇప్పుడు వింటే ఎందుకో సంతోషంగా లేదు."

"బాగుంది! ఇయ్యకపోతే ఇయ్యలేదంటావ్. ఇస్తే ఎందుకంటావ్. మీ అమ్మ మాదిరే తయారైతివి."

"ఉండు, ఫోన్ వస్తాంది. పద్మమ్మ. పల్లె పెద్దాయన పెండ్లాం. పొద్దున్నుంచి ఇది మూడోసారి."

"తియ్యాకు."

"తీస్తే ఏమడుగుతాదో తెల్సునా? 'అయ్యగారు బయలుదేరినారా' అని. మూడు దినాల్నుంచి ఒక్క పడవ గూడా సముద్రంలోకి పోలేదంట. అమ్మ కన్ను తెరిసినాకనే వల ముట్టుకుంటామని మొక్కుకున్యారంట."

"ఎవరు మొక్కుకోమన్యారు అంత మొక్కు!"

"నమ్మకం నాయనా. పెద్ద ఆచారి చెక్కినాడు, ఆయనే వచ్చి కన్ను తెరుస్తాడని."

"నమ్మకం అమ్మ మీద పెట్టుకోవాల. నా మీద గాదు."

"నీ మీద ఎందుకు గాదు?"

"బయట కారులో సుబ్బరాయుడు హారన్ కొడ్తాండాడు. పొమ్మను ఆయప్పను. కారు వద్దు, ఏమొద్దు."

"కొట్టనీ. నీ మీద ఎందుకు గాదో చెప్పు."

"పనిలేక అడుగుతాండావా? పో, పోయి టీ పెట్టుకోనిరా."

"టీ తాగి పది నిమిషాలు కాలా. నాయనా, లారీ వచ్చే ముందుదినం నువ్వు అన్నం తినలా. విగ్రహం చుట్టూ తిరిగి తిరిగి చిన్న సుత్తితో తట్టి తట్టి చూస్తాంటివి. అమ్మ పిలిస్తే కసురుకుంటివి."

"పనిలో ఉంటే కసురుకుంటా. కొత్తా?"

"కొత్త గాదు. చెప్పు."

"ఏం చెప్పమంటావే!"

"ఏముంటే అది."

"రాయి మోగలా."

"ఊ."

"ఊ అంటావేంది? అర్థమయిందా నీకు? మంచి రాయి తడితే కంచు మాదిరి మోగాల. పాదం మోగింది. భుజం మోగింది. అంతా మోగింది. కుడికన్ను కింద తడితే దబ్‌మనింది, పగులు కుండ మాదిరి. లోపల చీలిక ఉంది. పైకి కనపడదు. ఆడ ఉలి పెట్టి తడితే నిలబడితే నిలబడొచ్చు. నిలబడకపోతే అమ్మవారి మొగం రెండు చెక్కలు. ఊరందరి ముందర."

"ఆ దినమే తెలిసిందా?"

"ఆ దినమే."

"మరి లారీ ఎందుకెక్కించినావ్?"

"తెల్లారేసరికి లారీ వచ్చేసింది. క్రేను వచ్చేసింది. వాళ్ళు పూలదండలు తెచ్చుకుంటిరి. ఇంకో రాయి తెచ్చి చెక్కాలంటే ఐదు నెల్లు..."

"అది గాదు."

"ఏంది గాదు?"

"అసలు మాట అది గాదు. ఆ రాయి ఎవరు ఏరినారు?"

"నేనే."

"క్వారీలో ఆయన ఏమన్యాడు?"

"నీకు తెలిసిందే గదా. మళ్ళా నా నోటితో చెప్పిస్తావా?"

"చెప్పు."

"వద్దన్యాడు. 'మామా, ఈ రాయి వద్దు, దీని గొంతు బాగలేదు' అన్యాడు. 'నిన్నగాక మొన్న ఉలి పట్టినోడివి, నాకు రాయి నేర్పిస్తావా' అని కూలోళ్ళ ముందర గడ్డి పెట్టినా. వాడు తలకాయ దించుకోని పోయి కారులో కూర్చున్యాడు. ఇప్పుడు నేను పోయి ఏమని చెప్పేది? అల్లుని చెవి మంచిది, నాది చెవుడు అనా? నలభై ఏండ్లమ్మా! ఒక్క రాయి నన్ను మోసం చెయ్యలా. సిగ్గయితాంది సుప్రజా. నాకు శానా సిగ్గయితాంది."

"సిగ్గు నీదైతే, పగిలే రాయి ముందర నా మొగున్ని నిలబెడతావా?"

"అట్ల అనాకు."

"ఎట్ల అనాల మరి? పగిలితే జనం ఏమంటారు? ఆచారి బంగారం మాదిరి చెక్కిచ్చినాడు, అల్లుడు చెయ్యి పెడ్తానే పగిలిపోయింది అంటారు. మళ్ళా ఆయన చేతికి ఉలి ఎవరిస్తారు? ఈ జిల్లాలో ఆయన మొగమెత్తుకోని తిరుగుతాడా?"

"పగలకపోవచ్చు."

"పగలకపోతే మేలా? లోపల చీలిక పెట్టుకున్న అమ్మకు మొక్కి వాళ్ళు సముద్రంలోకి పోతాంటారు. ఏ గాలివాన దినమో రెండు పడవలు తిరిగి రాకపోతే, నీకు నిద్ర పడతాదా?"

"ఇప్పుడు పడతాందా! కన్ను మూస్తే దబ్‌మని అదే చప్పుడు. పక్కింట్లో వడ్లు దంచినా అదే చప్పుడు."

"మరి?"

"మరి ఏంది? పోయేటప్పుడు వాడు నా కాళ్ళు మొక్కినాడు. 'మామా, మీరు బేగా రాండి, మీరు లేకపోతే బాగుండదు' అన్యాడు. నేను తలకాయ ఊపినా. నోరు తెరవలా. బుద్ధి ఉన్నోడు చేసే పనేనా అది! థూ, నా బతుకు."

"తిట్టుకుంటే ఏమొస్తాది నాయనా."

"సుబ్బరాయుడు పోయినాడా?"

"ఉన్నాడు."

"ఉండమను. నా చెప్పులు యాడ?"

"నీ కాళ్ళకే ఉండాయి."

"పద. ఆ ఉలుల సంచి ఈడ్నే పెట్టు."

"కన్ను తెరిచే ఉలి?"

"అది గూడా పెట్టు. చెప్పేదానికి నోరొకటి చాలు. వాళ్ళు తిడితే పడతా. కొడితే పడతా. కాళ్ళు పట్టుకోని ఐదు నెల్లు అడుగుతా. ఇంకో అమ్మను నా చేతులతోనే చెక్కి ఇస్తా. ఈసారి రాయి మాత్రం వాడే ఏరతాడు. నేను పక్కన నిలబడి చూస్తా."

"ఆ మాట ఆయన ముందర అంటావా?"

"కూలోళ్ళ ముందర అంటా. గడ్డి పెట్టింది వాళ్ళ ముందరే గదా. ఏందే ఏడుస్తాండావ్? ఏడ్చేది నేను గదా! విమానానికి టైముందా?"

"ఉంది. ఇప్పుడు పోతే అందుకుంటాం."

"దిగినాక ఏది బేగా పోతాది? క్యాబేనా?"

"క్యాబే."

"అయితే క్యాబే. ఊరంతా తిప్పితే వాని కత నేను సూసుకుంటా. పవనుకు ఫోన్ కొట్టు. నేను వచ్చేదాకా విగ్రహాన్ని ముట్టుకోవద్దని చెప్పు. ఎందుకు మామా అని అడిగితే, నేనే వచ్చి చెప్తానని చెప్పు."

"అడగడు."

"ఎందుకు అడగడు?"

"లారీలో తాళ్ళు కట్టేటప్పుడు ఆయన గూడా తట్టి చూసినాడు నాయనా. నువ్వు రాకపోతే తానే ఉలి పెడతానని, పగిలితే తప్పు తన చేతిదేనని ఒప్పుకుంటానని, నీకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకోని పోయినాడు."