బతికున్న అన్నకు ‘కీర్తిశేషులు’ రాసిన ముచ్చట

“ఎవడురా నా మొగన్ని సంపింది!” అని గల్లీ ఆ కొస నుంచి మీ అమ్మ మొత్తుకుంట వచ్చుడు... ఆగు బిడ్డా, నువ్వు అడిగిందానికే వస్తున్న. నీ పెండ్లి కార్డుల తాత పేరు ముంగట ‘కీర్తిశేషులు’ అని ఎందుకేసిండ్రు కాకా అంటివి గద? గా మాటతోని నాకు పెద్ద కథనే ఉన్నది.

తెలంగాణ లొల్లి జోరు మీదున్న దినాలు. కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు. అంటే రోడ్డు బంద్ వెట్టి, ఆడనే పొయ్యిలు వెట్టి, వండుకొని తినుడన్నట్టు. మీ నాయిన అప్పుడు పార్టీల ఏదో చిన్న పదవిల ఉండె. రాజీనామ చెయ్యమంటె చెయ్యడాయె. గా కోపానికి నేను అన్నతోని మాట బంద్ వెట్టిన. రెండు నెలలు, కాదు కాదు, మూడు. నడుమ ఒక్కటే గోడ. ఆయన దగ్గు ఇనవడేది గని మాట లేదు.

గా వంటావార్పు నాడే పోరగాండ్లు మీ నాయిన గడ్డిబొమ్మ జేసి శవయాత్ర తీస్తమన్నరు. అట్ట మీద రాసుడు నా వంతు. తొమ్మిది దాక సదివినోన్ని గద! దినాల కార్డులు సూసి సూసి, పోయినోళ్ల పేరు ముంగట శ్రీ లెక్క గదొకటి ఉంటదనుకొని, ‘కీర్తిశేషులు’ అని ఇంత పెద్దగ రాసిన.

మా తెలుగు సారు సూసి, “ఓరి, అర్థం ఎరికేనా? సంస్కృతం మాటరా. కీర్తి అంటె మంచిపేరు, శేషం అంటె మిగిలింది. పానం పోయినా పేరు మిగిలినోడని. తిట్టవోయి మొక్కినవ్ గదరా!” అన్నడు.

“పదవి ఇడువనోనికి ఏం మిగులుతది సారూ?” అన్నడు డప్పు కొట్టే ఎల్లయ్య.

“కుర్చీ!” అన్నరెవరో.

స్వర్గీయ అని మారుద్దామంటె, “గీయన్ని స్వర్గానికెట్ల తోలుతవ్?” అనవట్టిరి. “పోనీ, అమరుడు అని రాయాల్నా?” అన్న నేను. నవ్వులు ఆగినయి. గా మాట తెలంగాణకు పానాలిచ్చిన మన పోరగాండ్లది బిడ్డా. చావు లేనోడని అర్థమట. సచ్చినోళ్లకే వెడతం, సూడు.

అట్ట అట్లనే పెట్టి పాడె లేపినం. దొంగ సావైనా పద్ధతి పద్ధతే గద, సగం తొవ్వల, మన గల్లీ కాడ, దింపుడు కళ్లం. ఆడ తోడవుట్టినోడు చెవుల మూడుసార్లు పిలువాలె. పలికితె బతికున్నట్టు, పాడె ఇప్పాలె. అందరు నా దిక్కే సూసిండ్రు. వంగి గడ్డి చెవుల “అన్నా” అన్న. రెండోసారి “అన్నా” అన్న. గప్పుడే మీ అమ్మ మొత్తుకుంట వచ్చింది. మూడోసారి పిలిస్తె “ఏందిరా?” అని ఇనవడ్డది. ఎగిరి ఎనుకకు పడ్డ. సూస్తె మీ అమ్మ ఎనుకనే వచ్చిన మీ నాయిన, లుంగి మీదనే నిలవడ్డడు.

“పలికిండు! పాడె ఇప్పుండ్రి!” అన్నడు సారు.

“మరి రాజీనామ?” అన్నరు పోరగాండ్లు.

“సచ్చినోనికి ఇంకేం పదవిరా? గప్పుడే పోయె గద” అన్నడు మీ నాయిన. నిజంగ ఇచ్చెటాళ్లకు ఇంకో నెల పట్టింది, అది వేరే.

మళ్ల పొయ్యిల కాడికి వస్తె, మీ అమ్మ వడ్డించే గంటె గుంజుకున్నది. “పాడె ముట్టినోళ్లు తానం చెయ్యంది బువ్వ లేదు!” అన్నది. బోరింగు కాడ అందరం నెత్తి మీద నీళ్లు పోసుకున్నం. “పోయిందే నేను, నాకెందుకే?” అనుకుంటనే మీ నాయిన గూడ పోసుకున్నడు. రోడ్డు మీద బంతి కూసున్నం. ఇస్తారాకులు పడ్డయి. మీ నాయిన తడి బట్టలతోని నా పక్కకు వచ్చి, “జరుగురా” అన్నడు.

జరిగిన.